సునామీ హెచ్చరిక వస్తే ఎటు పోవాలి? పాలెం వాళ్లు ముందే చేసి పెట్టుకోవాల్సిన ఏర్పాట్లు

ఎక్కడో సముద్రంలో భూకంపం వచ్చిందని టీవీలో చూపించిన ప్రతిసారీ నా ఫోను మోగుతుంది. "సార్, మనకేమన్నా వస్తుందా? వస్తే ఎంత దూరం పోవాలి? తుఫాను షెల్టర్‌లో కూర్చుంటే సరిపోదా?" తీరం పక్కన హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ని కాబట్టి పిల్లల అమ్మానాన్నలు నన్నే అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోనులో ముక్కముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. నెల్లూరు జిల్లాలో ఇస్కపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట, మైపాడు, కోడూరు వైపు పాలేల్లో (ఒడ్డున ఉండే జాలర్ల ఊళ్లలో) ఉండేవాళ్లకూ, ప్రకాశంలో కొత్తపట్నం, పాకల వైపు ఉండేవాళ్లకూ ఇది పనికొస్తుంది.

ముందు ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. 2004 డిసెంబరు 26, ఆదివారం, పౌర్ణమి. పొద్దున 6:29కి సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూమి కదిలింది. మన తీరానికి అలలు వచ్చేసరికి తొమ్మిది దాటింది. నడుమ రెండున్నర గంటలు ఉంది. ఆ రెండున్నర గంటల్లో మనకు ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. రాష్ట్రంలో 105 మంది పోయారు, అందులో సగం పైన అప్పటి నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లే.

ఇప్పుడు చెప్పేవాళ్లు ఉన్నారు. 2007 అక్టోబరు నుంచి హైదరాబాదులో ఇన్‌కాయిస్ (సముద్రం సమాచారం చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తోంది. పెద్ద భూకంపం వచ్చిన పది నిమిషాల్లోపే మొదటి సమాచారం బయటికొస్తుంది. కానీ ఆ కబురు అందాక మీ ఇంట్లో ముసలమ్మను ఎవరు పట్టుకోవాలి, ఏ వంతెన దాటాలి, ఎక్కడ ఆగాలి అన్నది హైదరాబాదులో కూర్చున్నవాళ్లు చెప్పలేరు. అది మనమే తేల్చుకోవాలి.

మన పాలెం కూడా దీవే

సునామీ గురించి దీవుల వాళ్లకున్నంత ఎరుక మనకు లేదు. సుమత్రా పక్కన సిమ్యులూ అని ఒక దీవి ఉంది. 2004 భూకంపానికి అతి దగ్గరగా ఉన్న ఊళ్లు అక్కడివే. దాదాపు 78 వేల మంది జనంలో చనిపోయింది ఏడుగురు. సైరన్లు మోగలేదు, ఫోనులో మెసేజీలు రాలేదు. 1907లో వాళ్లకు ఒక పెద్ద సునామీ వచ్చింది. అప్పటినుంచి అవ్వలు మనవలకు కథలుగా, పాటలుగా ఒకటే చెబుతూ వచ్చారు: భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'స్మాంగ్'. ఆ ఒక్క మాట అరిస్తే చాలు, ఊరంతా కొండ మీదుంటుంది.

మనకు కొండ లేదు. అయినా మన పాలేలను ఫోను మ్యాపులో పైనుంచి చూడండి. తూర్పున సముద్రం. పడమట చాలాచోట్ల బకింగ్‌హాం కాలువ. ఉత్తరాన, దక్షిణాన ఏదో ఒక ఏరు సముద్రంలో కలిసే మొగ. మధ్యలో సన్నటి ఇసుక నేల, దాని మీద ఇళ్లు. బయటికి పోవాలంటే ఒక్క వంతెన, మహా అయితే రెండు. పేరుకు దీవి కాదు గానీ, ప్రాణం మీదికొచ్చిన రోజున అది దీవే. అందుకే మన ఏర్పాట్లన్నీ ఆ వంతెన చుట్టూ తిరగాలి.

ఏమేం కావాలి

- ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు, ఇంట్లో అందరూ
- ఫోనులో మ్యాపు, టైము చూసుకోవడానికి గడియారం
- ఒక అట్ట, ఒక మార్కరు పెన్ను
- భుజానికి వేసుకునే సంచి ఒకటి (చేతిలో పట్టుకునే పెట్టె వద్దు, చేతులు ఖాళీగా ఉండాలి)
- పక్కింటివాళ్లతో మాట్లాడుకున్న ఒప్పందం

డబ్బు ఖర్చు దాదాపు లేదు. టార్చిలైటు, ఈల లేకపోతే కొనుక్కోండి.

1. మీ ఇంటి నాలుగు దిక్కులూ చూసుకోండి

అట్ట మీద మీ ఇల్లు గీయండి. సముద్రం ఎటు, కాలువ ఎటు, మొగ ఎటు, రొయ్యల గుంటలు ఎటు, వంతెన ఎక్కడ అని గుర్తులు పెట్టండి. సునామీ నీళ్లు ఒడ్డు మీదుగానే వస్తాయనుకోవద్దు. మొగలోంచి లోపలికి దూరి, కాలువలోంచి, ఉప్పుటేళ్లలోంచి ఊరి వెనక నుంచి కూడా వస్తాయి. సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉన్నా, ఏటి ఒడ్డున ఉన్న ఇల్లు భద్రం కాదు.

2004లో బకింగ్‌హాం కాలువ చాలాచోట్ల నీళ్లను తనలోకి తీసుకుని లోపలి ఊళ్లను కాపాడింది. ఆ సంగతి విన్నవాళ్లు కొందరు "కాలువ ఉంది కదా సార్, మనకేం కాదు" అంటారు. కాలువ కాపాడింది దానికి అవతల ఉన్నవాళ్లను. సముద్రానికీ కాలువకూ మధ్య ఉన్న మనకు అది దాటాల్సిన అడ్డు. కాలువ గట్టు మీద నిలబడి నీళ్లెట్లా వస్తాయో చూద్దామనుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

2. చేరాల్సిన చోటు తేల్చుకోండి

ప్రపంచమంతా చెప్పే కొలత ఇది: సముద్ర మట్టానికి 30 మీటర్ల ఎత్తుకు పోండి, లేదా తీరం నుంచి 3 కిలోమీటర్లు లోపలికి పోండి. మన చదును నేలలో 30 మీటర్ల ఎత్తు దొరకదు. కాబట్టి మన కొలత మూడు కిలోమీటర్లు, అదీ వంతెన దాటి. అక్కడ ఒక గుర్తు పెట్టుకోండి: స్కూలు, గుడి, రైసు మిల్లు, ఏదైనా సరే, వందమంది నిలబడే జాగా ఉండాలి. పక్కన ఏరు ఉండకూడదు.

రెండో దారి కూడా ఉండాలి. వంతెన కూలినా, దారి మూసుకుపోయినా, టైము లేకపోయినా పాలెంలోనే ఉన్న గట్టి కాంక్రీటు మేడ ఎక్కాలి. రెండో అంతస్తు, దొరికితే మూడోది. పిల్లర్ల మీద కట్టిన తుఫాను షెల్టర్ పైఅంతస్తు, మిద్దె కూడా పనికొస్తాయి. కింది గదులు పనికిరావు. రేకుల షెడ్డు, ఇటుక గోడల మీద స్లాబు వేసిన ఒంటి అంతస్తు ఇల్లు లెక్కలోకి తీసుకోవద్దు. ఏదీ లేకపోతే గట్టి చెట్టు. చెట్టెక్కి బతికినవాళ్లున్నారు, కానీ అది చివరి దారి. ముసలివాళ్లనూ చంటిబిడ్డలనూ తాటిచెట్టు ఎక్కించలేం కదా.

షెల్టర్ గురించి ఇంకో మాట. తాళం ఎవరి దగ్గరుందో ఈ రోజే కనుక్కోండి. నేనొక పాలెంలో షెల్టర్ చూద్దామని పోతే తాళం వేసి ఉంది. తాళంచెవి ఫలానా ఆయన దగ్గరుందన్నారు. ఆయన పెళ్లికి వేరే ఊరు పోయాడు. మెట్ల గేటు దగ్గర వలల మూటలు, పాత థర్మాకోల్ పెట్టెలు అడ్డంగా పేర్చి ఉన్నాయి. తుఫానుకైతే రెండు రోజులు ముందు తెలుస్తుంది, తాళం తెప్పించుకోవచ్చు. సునామీకి అంత తీరిక ఉండదు. తాళంచెవులు కనీసం మూడిళ్లలో ఉండాలి, అవి ఎవరి ఇళ్లో గోడ మీద రాసి ఉండాలి. ఊరి కాపులు (జాలర్ల పెద్దలు) కూర్చుని దురాయి (ఊరి కట్టుబాటు) పెడితే ఇది ఒక్క పూటలో అయిపోయే పని.

3. ఇంటి గడప నుంచి నడిచి టైము చూడండి

దీన్ని మాత్రం వదిలిపెట్టొద్దు. మిగతావి సగం సగం చేసినా పరవాలేదు గానీ, ఇది పూర్తిగా చేయండి.

నేను ఒక పాలెంలో ఈ పని చేసి చూశాను. ఇంటి నుంచి వంతెన అవతలి స్కూలుకు రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ. నేనొక్కణ్నే నడిస్తే ఇరవై ఎనిమిది నిమిషాలు. సంతోషంగా వెనక్కొచ్చి, ఆ ఇంట్లో డెబ్బై దాటిన అవ్వను, ఆమె మనవరాలిని తీసుకుని మళ్లీ నడిచాను. ఇల్లు దాటి తారురోడ్డు ఎక్కేదాకా మూడు వందల మీటర్లు ఇసుక. అవ్వ హవాయి చెప్పులు ప్రతి అడుగుకూ ఇసుకలో కూరుకుపోతున్నాయి. కాసేపటికి విప్పి చేత్తో పట్టుకుంది. ఎండకు ఇసుక కాలుతోంది, మళ్లీ వేసుకుంది. ఆ మూడు వందల మీటర్లకే పదిహేను నిమిషాలు పట్టింది. రోడ్డెక్కాక రొయ్యల గుంట వాళ్ల పైపులు దారికి అడ్డంగా వేసి ఉన్నాయి. పగలు కాబట్టి దాటాం. వంతెన దగ్గర ఆగి అవ్వ అడిగింది: "రేత్రిపూట వస్తే ఈడ లైట్లు లేవు గదా అయ్యవారూ, ఎట్లా?" నా దగ్గర సమాధానం లేదు. మొత్తం యాభై ఐదు నిమిషాలు పట్టింది.

ఆ అవ్వ అడుగులే మీ కొలత. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ఎంతసేపట్లో చేరితే, అదే మీ కుటుంబం టైము.

చేతిలో ఉన్న టైము ఎంతనుకోవాలి? సుమత్రా దగ్గర నుంచి వచ్చే అలకు రెండున్నర గంటలు పట్టినా, కబురు పైనుంచి కిందికి దిగి మన చెవిన పడేసరికి కొంత పోతుంది. మనం నమ్మి లేచేసరికి ఇంకొంత పోతుంది. అండమాన్ దగ్గర భూకంపం వస్తే అసలు టైమే ఇంకా తక్కువ. కాబట్టి చేతిలో గంటే ఉందనుకోండి. నడక టైము నలభై ఐదు నిమిషాలు దాటితే ఏదో ఒకటి మార్చాలి. అవ్వను బండి మీద ముందే పంపాలి, లేదా దగ్గరలోని మేడను మొదటి దారిగా పెట్టుకోవాలి. మేము ఆ ఇంటికి రెండోదే ఖాయం చేశాం.

పగలు నడిచాక ఒకసారి చీకట్లో కూడా నడవండి. ఒకే టార్చితో. పైపులు, గుంతలు, తెగిన తీగెలు, కుక్కలు అన్నీ అప్పుడు తెలుస్తాయి.

4. ఎవరు ఎవరిని పట్టుకోవాలో పేర్లతో రాయండి

"అందరం కలిసి పోతాం" అనేది ఏర్పాటు కాదు. అట్ట వెనక రాయండి: చంటిదాన్ని అమ్మ, నాయనమ్మను బాబాయి, సంచిని పెద్దమ్మాయి. మగవాళ్లు వేటకు పోయిన రోజున ఇంట్లో ఎవరుంటారో ఆ లెక్కతో రాయండి. మన పాలేల్లో తెల్లవారుజామున ఇళ్లల్లో ఉండేది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లే. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, మగవాళ్లు ఇంట్లో ఉన్నారనుకుని ఏర్పాటు చేస్తారు.

పిల్లలు స్కూల్లో ఉంటే వాళ్లకోసం సముద్రం వైపు పరుగెత్తుకు రావద్దు. టీచర్లు వాళ్లను ఎక్కడికి తీసుకెళ్తారో ముందే అడిగి, అక్కడే కలవండి. మీ స్కూలుకు అలాంటి చోటు లేకపోతే హెడ్మాస్టరును అడగండి. అడిగే హక్కు మీకుంది.

5. సంచి సర్దండి

ఆధార్, రేషన్ కార్డు, మత్స్యకార గుర్తింపు కార్డు, బోటు రిజిస్ట్రేషన్, బ్యాంకు పాసుబుక్కు జెరాక్సులు ప్లాస్టిక్ కవర్లో. బీపీ, షుగరు మాత్రలు వారానికి సరిపడా. రెండు లీటర్ల నీళ్లు, బొరుగులు, బెల్లం, అటుకులు. టార్చి, ఈల, చిన్న రేడియో, పవర్ బ్యాంకు, కొంత చిల్లర నగదు, ఆడవాళ్లకు కావలసినవి, చంటిబిడ్డ ఉంటే పాలపొడి. అంతే.

సంచి తలుపు వెనక మేకుకు తగిలించండి. బీరువాలో పెడితే ఆ రోజు తాళాలు వెతుక్కోవాలి. బంగారం ఇంట్లో పెట్టుకుని దానికోసం వెనక్కి పోయేవాళ్లే ఎక్కువ, కాబట్టి ఉన్నది బ్యాంకు లాకర్లో పెట్టుకోవడం మేలు.

6. కబురు ఎలా వస్తుందో, ఏ మాటకు ఏం చేయాలో

ఒక్క దారిని నమ్ముకోవద్దు. ఫోనులో ఇన్‌కాయిస్ వాళ్ల 'సముద్ర' యాప్, జాతీయ విపత్తుల సంస్థ వాళ్ల 'సచేత్' యాప్ రెండూ పెట్టుకోండి. లొకేషన్ ఆన్ చేసి ఉండాలి. రేడియో, టీవీ, సచివాలయం వాళ్ల మైకు చాటింపు, గుడి మైకు కూడా దారులే. అనుమానముంటే రాష్ట్ర కంట్రోల్ రూముకు 112, 1070, లేదా టోల్‌ఫ్రీ 1800 425 0101. జిల్లాకు 1077. ఈ నంబర్లు ఫోనులోనే కాదు, గోడ మీద కూడా రాయండి.

హెచ్చరిక మూడు రంగుల్లో వస్తుంది.

- ఎరుపు, 'వార్నింగ్': రెండు మీటర్లకు మించిన అల వస్తుందని అంచనా. వెంటనే బయలుదేరాలి.
- నారింజ, 'అలర్ట్': అర మీటరు నుంచి రెండు మీటర్ల దాకా. ఒడ్డు, మొగ, పల్లపు నేల వదిలి దూరంగా జరగాలి. బోట్ల దగ్గరికి పోకూడదు.
- పసుపు, 'వాచ్': అంతకంటే తక్కువ. ఇల్లు వదలనక్కర్లేదు. సంచి దించి గుమ్మం దగ్గర పెట్టుకుని, వార్తలు వింటూ ఉండాలి. రంగు మారవచ్చు.

నా సలహా ఒకటుంది. ఒడ్డుకు అతి దగ్గరి వరసల్లో ఇల్లున్నవాళ్లు, ఇంట్లో నడవలేనివాళ్లు ఉన్నవాళ్లు నారింజకే బయలుదేరిపోండి. ఎరుపు వచ్చాక వంతెన మీద జనం ఉంటారు.

వదంతి ఏదో, నిజం ఏదో ఎలా తెలుసుకోవాలి? "రేపు సునామీ వస్తుంది", "ఫలానా అమావాస్యకు వస్తుంది" అని ఎవరన్నా అంటే అది అబద్ధం. భూకంపం ఎప్పుడొస్తుందో ముందే చెప్పే విద్య ఎవరి దగ్గరా లేదు. 2004 డిసెంబరు 30న, ఇంకా శవాలు దొరుకుతుండగానే, మళ్లీ సునామీ వస్తుందన్న తప్పుడు హెచ్చరికతో తీరమంతా జనం పరుగులు తీశారు. నిజమైన హెచ్చరికలో భూకంపం ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంత తీవ్రతతో వచ్చిందో, మీ తీరానికి అల ఎన్ని గంటలకు చేరుతుందో ఉంటుంది. ఇవేవీ లేని వాట్సాప్ మెసేజీని ముందుకు పంపొద్దు. 2025 జులై 30న రష్యాలోని కమ్చట్కా దగ్గర 8.8 భూకంపం వచ్చినప్పుడు మన గ్రూపుల్లో ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుందా? అది పసిఫిక్ సముద్రం. మనకు ముప్పు లేదని ఇన్‌కాయిస్ చెప్పింది.

7. ఫోను మోగకపోయినా సముద్రమే చెప్పే గుర్తులు

నిలబడలేనంత గట్టిగా, ఇరవై సెకన్లకు మించి భూమి ఊగితే ఎవరి కబురూ అక్కర్లేదు, లోపలికి నడవండి. కాకపోతే సుమత్రా అంత దూరంలో కదిలిన భూమి మనకు తెలియకపోవచ్చు, సన్నగా ఊగినట్టే ఉండవచ్చు. ఒంగోలు చుట్టుపక్కల భూమి అప్పుడప్పుడు కదలడం కొత్త కాదు. 1967 మార్చిలో వచ్చింది 5.4 తీవ్రత. నేల మీద వచ్చే ఇలాంటి వాటికి సునామీ పుట్టదు. కానీ ఒడ్డున నిలబడి "ఇది ఒంగోలుదా, సముద్రానిదా" అని చర్చించే పని పెట్టుకోవద్దు. ముందు జరగండి, తర్వాత తెలుసుకోండి.

సముద్రం వెనక్కి పోవడం గురించి చాలా గందరగోళం ఉంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పాటు (పోటు తగ్గి నీళ్లు దిగే వేళ) వచ్చినప్పుడు నీళ్లు మామూలుకంటే ఎక్కువ వెనక్కి పోతాయి. అది ఆరు గంటలపాటు మెల్లగా జరిగే పని, మన వేటగాళ్లకు బాగా తెలుసు. సునామీ ముందు నీళ్లు నిమిషాల్లో పోతాయి. చూస్తుండగానే బోట్లు ఇసుకలో కూర్చుంటాయి, చేపలు కొట్టుకుంటుంటాయి. పాటు వేళ కాని వేళ అలా జరిగితే ఒక్కటే అర్థం. చేపలు ఏరుకోవడానికీ, వీడియో తీయడానికీ దిగొద్దు. ప్రతిసారీ ముందు వెనక్కే పోవాలని కూడా లేదు, ఒక్కోసారి నేరుగా పొంగుతూనే వస్తుంది. రైలు వస్తున్నట్టు హోరు కూడా గుర్తే.

8. బయలుదేరే రోజు

గ్యాస్ ఆపండి, మెయిన్ స్విచ్ దించండి, సంచి తీసుకోండి, పక్కింటి తలుపు కొట్టండి, నడవండి. గొడ్లను, మేకలను కట్టు విప్పి వదిలేయండి. తోలుకుపోదామని ఆగొద్దు.

మూడు కిలోమీటర్ల లోపు అయితే నడకే మంచిది. పాలెం వంతెనలు సన్నవి. అటునుంచి ఒక ఆటో, ఇటునుంచి ఒక ట్రాక్టరు వస్తే చాలు, ఊరంతా ఆగిపోతుంది. బండ్లు నడవలేనివాళ్లకు వదిలేయండి. రెండో ట్రిప్పుకు బండి వెనక్కి రాకూడదని ముందే ఒప్పందం చేసుకోండి.

నీళ్లు కనబడ్డాక పరుగెత్తి గెలవలేరు. ఒడ్డు దగ్గర కూడా అది మనిషి పరుగుకంటే జోరుగానే వస్తుంది. అప్పటికి దారిలో ఉంటే దగ్గరున్న మేడ ఎక్కేయండి. నీళ్లలో పడితే ఈదాలని చూడకుండా తేలేదాన్ని పట్టుకోండి: క్యాను, థర్మాకోల్ పెట్టె, దుంగ.

9. బోట్లు, వలలు

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. ఫైబర్ బోటు, ఇంజిను, వలలు అంటే ఒక కుటుంబం అప్పు చేసి కట్టుకున్న బతుకంతా. అయినా చెప్పక తప్పదు: ఒడ్డున ఉన్నవాళ్లు బోటు కోసం పోవద్దు. ఇంజిను విప్పుకొద్దామనుకున్న పది నిమిషాలు మళ్లీ దొరకవు. ముందే చేయగలిగింది ఒకటుంది, బోటుకూ ఇంజినుకూ ఇన్సూరెన్సు, ఫొటోలు, కాగితాల జెరాక్సులు.

సముద్రంలో ఉన్నవాళ్లది వేరే లెక్క. కబురు వస్తే ఒడ్డుకు రావద్దు, లోతుకు పోండి. వంద మీటర్ల లోతు, అంటే సుమారు యాభై ఐదు బారలు దాటితే సునామీ అల బోటు కింద నుంచి పోయినా తెలియదు. అది లేచేది ఒడ్డు దగ్గరే. బోటులో వీహెచ్ఎఫ్ సెట్టు (వైర్‌లెస్ రేడియో) ఉంటే 16వ ఛానల్ వింటూ ఉండండి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డుకు 1554, మెరైన్ పోలీసులకు 1093. ముప్పు పోయిందని చెప్పేదాకా హార్బరులోకి గానీ, మొగలోకి గానీ రాకూడదు. మొగల్లో నీళ్లు సుడులు తిరుగుతూనే ఉంటాయి.

10. వెనక్కి ఎప్పుడు రావాలి

మొదటి అల పెద్దది కాకపోవచ్చు. ఒకదాని తర్వాత ఒకటి పది నిమిషాలకో, గంటకో వస్తాయి. ముప్పు చాలా గంటలు, ఒక్కోసారి రోజంతా ఉంటుంది. మొదటి అల పోయాక ఇల్లు చూసుకుందామని వచ్చినవాళ్లను రెండోది పట్టుకుంటుంది. అధికారులు "ఇక వెళ్లవచ్చు" అని ప్రకటించేదాకా ఒక్కరు కూడా వంతెన దాటకూడదు.

వచ్చాక తెగిన కరెంటు తీగెలు, ఇళ్లల్లో దూరిన పాములు చూసుకోండి. బావి నీళ్లు, బోరు నీళ్లు పరీక్ష చేయించేదాకా తాగొద్దు.

ఏమీ రాకపోతే? 2012 ఏప్రిల్ 11న మధ్యాహ్నం సుమత్రా దగ్గర 8.6 వచ్చింది, హెచ్చరిక ఇచ్చారు, పెద్ద అల రాలేదు. అక్కడ నేల పైకీ కిందికీ కాకుండా పక్కకు జరిగింది కాబట్టి నీళ్లు అంతగా లేవలేదు. ఆ రోజు ఇళ్లు వదిలి పోయినవాళ్లను ఎగతాళి చేయడం విన్నాను. దయచేసి అలా చేయొద్దు. ఒకసారి నవ్వులపాలైనవాళ్లు ఇంకోసారి లేవరు.

ఎక్కువమంది చేసే తప్పులు

తుఫాను అలవాటు పెద్ద తప్పు. 1977, 1979, 1989, 1990 తుఫానులు చూసిన పెద్దవాళ్లు గాలి లేదు, వాన లేదు, ఎండ కాస్తోంది కదా అంటారు. 2004లో కూడా ఎండే కాసింది. సునామీకి ఆకాశంతో పని లేదు.

సరుగుడు తోట ఉంది కదా అనేది రెండోది. తోట, ఇసుక దిబ్బ నీళ్ల జోరు తగ్గిస్తాయి, ఆపవు. ఆ దిబ్బల్ని రాత్రిపూట ట్రాక్టర్లకు ఎత్తి అమ్ముకునేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. మీ పాలెం ముందు దిబ్బ తవ్వుతుంటే ఊరంతా కలిసి ఆపండి.

ఇంకా: సంచిలో రెండేళ్ల కిందటి మాత్రలు ఉండటం. టార్చిలో సెల్లు కారిపోవడం. కొత్త కోడలికి, సెలవులకొచ్చిన చుట్టాలకు దారి చెప్పకపోవడం.

నిజంగా సిద్ధమయ్యారా? ఇలా చూసుకోండి

ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లను పిలిచి అడగండి: "నేను లేనప్పుడు సైరన్ మోగితే ఎటు పోతావు?" వేలు పెట్టి వంతెన వైపు చూపించి, ఎవరి చెయ్యి పట్టుకుంటుందో చెప్పగలిగితే మీ ఏర్పాటు బాగుంది. "నీకు ఫోన్ చేస్తా నాన్నా" అంటే ఇంకోసారి నడవాలి. ఆ రోజు ఫోన్లు కలవవు.

చెప్పకుండా ఒకరోజు పొద్దున ఈల ఊదండి. అందరూ సంచితో గుమ్మం బయటికి రావడానికి ఐదు నిమిషాలు దాటకూడదు. ఏటా నవంబరు 5 ప్రపంచ సునామీ అవగాహన దినం. ఆ రోజు ఊరంతా కలిసి వంతెన దాకా నడవండి, పక్కన కాఫీ, టిఫిన్ పెట్టుకోండి, పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఒడిశాలో నోలియాసాహి, వెంకట్రాయపూర్ అనే రెండు తీర గ్రామాలు ఇలాంటి కసరత్తులు చేసే 2020లో యునెస్కో వాళ్ల 'సునామీ రెడీ' గుర్తింపు తెచ్చుకున్నాయి. నోలియాసాహి కూడా మన పాలెం లాంటిదే.

నిజంగానే దీవిలో ఉన్నవాళ్లకు

పులికాట్‌లో ఇరకం దీవి (ఇప్పుడు తిరుపతి జిల్లా, మొన్నటిదాకా మన నెల్లూరే) లాంటి చోట పడవే దారి. పడవ మీద అందరినీ తరలించే లెక్క టైముకు కుదరదు. సరస్సు మధ్యలో ఉండగా నీళ్లు లేస్తే ఇంకా ప్రమాదం. అలాంటి చోట దీవిలో అన్నిటికంటే ఎత్తైన గట్టి మేడ ఏదో తేల్చుకుని, దాని మెట్లు ఖాళీగా ఉంచుకోవడమే మొదటి దారి. మేడ లేకపోతే షెల్టర్ కట్టమని పంచాయతీ తీర్మానం చేసి కలెక్టరు గ్రీవెన్స్‌లో ఇవ్వండి. రసీదు తీసుకోండి, రెండు నెలలకొకసారి పోయి అడగండి.

కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానానికి వచ్చేవాళ్లకు

మైపాడు, కొత్తపట్నం, పాకల బీచ్‌లకు ఆ రోజు వేలమంది వస్తారు, వాళ్లకు మన దారులు తెలియవు. దిగేముందు ఒక్క నిమిషం వెనక్కి తిరిగి, దగ్గరున్న మేడ ఏది, వచ్చిన రోడ్డు ఎటు అని చూసుకోండి. బండ్లను రోడ్డు మీద అడ్డదిడ్డంగా ఆపొద్దు, ముందు చక్రం ఊరి వైపు తిప్పి పెట్టండి. ఒడ్డున వలలు బాగుచేసుకునే పెద్దమనిషి "పైకి రాండయ్యా" అని కేకేస్తే, ఎందుకని అడగకుండా పిల్లల్ని ఎత్తుకుని పైకి నడవండి.